బండ వేషానికి ఎన్ని గుండీలు

ఏప్రిల్ 1, మంగళవారం

ఇది కొలతల పుస్తకం. ముందు పేజీల నిండా మా నగరి అంగట్లో బట్టలు కుట్టించుకున్న ఆడవాళ్ళ భుజాలు, నడుములు, చేతుల పొడవులు. వెనక నుంచి తిప్పితే అన్నీ ఖాళీ పేజీలు. నా సంగతులు ఇటువైపు రాసుకుంటాను. కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద పెడితే ఈ ఇంట్లో ఎవరూ ముట్టరు. నా వస్తువులు ఏవీ ఎవరూ ముట్టరు, అది వేరే సంగతి.

పెళ్ళయి తిరుపతికి వచ్చి రెండు నెలలు కావస్తోంది. ఆయన తెల్లారేసరికి జీపు తీసుకుని కొండకు పోతాడు. దీపాలు పెట్టే వేళకు వస్తాడు. అత్తకు మోకాళ్ళ నొప్పులు, మంచం మీద నుంచే ఇల్లంతా నడుపుతుంది. ఇంక పిల్లలు. చిన్నబ్బకు ఆరేళ్ళు. బడిలో వాడి పేరు సునీల్‌కుమార్ అంట, ఇంట్లో ఆ పేరు ఎత్తితే వాడే పలకడు. తిన్న కంచం తిన్నచోటే, విప్పిన చొక్కా విప్పినచోటే. వాడు ఏ గది నుంచి ఏ గదికి పోయాడో నేల చూసి చెప్పొచ్చు.

జాహ్నవికి పదేళ్ళు. ఆ పిల్లది ఇంకో రకం. నేను పొరక అందుకునేలోగా కసువు ఊడ్చేసి ఉంటుంది. బోకులు తోముదామని పోతే తోమి బోర్లించి ఉంటాయి. వాకిట్లో ముగ్గు, వాళ్ళమ్మ పటం ముందు దీపం, ఈ రెండూ ఇంతవరకు నా చేతికి రాలేదు. వాళ్ళమ్మ పోయి మూడేళ్ళు. అప్పటి నుంచి ఇంతేనని అత్త చెప్పింది. పదేళ్ళ పిల్ల ఇంత చాకిరీ చేస్తుంటే వీధిలో వాళ్ళు ఎవరిని అంటారు? వాళ్ళ నాయనను అనరు కదా.

నాతో మాట్లాడదా అంటే మాట్లాడుతుంది. తమ్ముడికి చెప్తున్నట్టు గోడకు చెబుతుంది. "చిన్నబ్బా, ఆయమ్మ ఫోను మోగతా ఉండాది."

ఆయమ్మ పక్కనే ఉంటుంది. ఆయమ్మంటే నేనే.

ఏప్రిల్ 3

పుట్టింటి నుంచి తెచ్చుకున్న రేకు డబ్బా ఈ రోజు తెరిచాను. అంతా గుండీలే. అంగట్లో మిగిలినవి, పాత చొక్కాల నుంచి ఊడదీసినవి, జత కుదరక పక్కన పెట్టినవి. ముత్యం రంగువి, ఎర్రవి, కొబ్బరిచిప్పతో చేసినవి, ఒకటి రెండు ఇత్తడివి. కిటికీలో ఎండ పడుతుంటే డబ్బాలో చెయ్యి పెట్టి అట్లే కూర్చుండిపోయాను. చల్లగా, జారుతూ, చేతివేళ్ళ మధ్య నుంచి పోతున్నాయి. ఎంతసేపు అట్లా ఉన్నానో తెలియదు. అన్నం మాడిన వాసన వచ్చింది.

అప్పుడే తోచింది. రెండు ఊరగాయ సీసాలు కడిగి ఆరబెట్టాను. ఒకటి వాడికి, ఒకటి ఆ పిల్లకు. ఇంట్లో ఏ పని చేసినా ఒక గుండీ. సీసా మెడ దాకా నిండితే అడిగింది ఇస్తాను, నా చేతనైనంతలో.

చిన్నబ్బకు పని నేర్పాలి, జాహ్నవి నుంచి కొంత పని తప్పించాలి. గుండీలు అందుకే. ఇంకెందుకూ కాదు.

ఏప్రిల్ 4

చిన్నబ్బ ఈ రోజు ఒకే గ్లాసు నాలుగు సార్లు కడిగాడు. కడిగి, నాకు చూపించి, గుండీ తీసుకుని, పెరట్లోకి పోయి అందులో మట్టి పోసుకుని మళ్ళీ వచ్చాడు. నేను చూడలేదనుకున్నాడు. నవ్వు ఆపుకోలేక కొంగు నోట్లో పెట్టుకున్నాను. నాలుగోసారి కూడా ఇచ్చాను.

"దిండు ఎత్తిపెడితే ఎన్ని?"

"ఒకటి."

"రెండు దిండ్లు ఎత్తిపెడితే?"

"పక్క ఎత్తిపెట్టడం అంతా ఒకటే పని రా."

"అట్లయితే రేపు ఒక దిండు, ఎల్లుండి ఒక దిండు ఎత్తతా." వాడు జీపు తోలడు, ఎప్పుడో ఒకప్పుడు వ్యాపారం పెడతాడు.

పొద్దుగుంకేసరికి నాకొక పేరు కూడా పెట్టాడు. గుండీలమ్మా అని పిలుస్తున్నాడు. బాగానే ఉంది. పేరంటూ ఒకటి ఉంది.

ఏప్రిల్ 6, ఆదివారం

జాహ్నవి తన గుండీలు తీసుకోవడం లేదు. పనులన్నీ చేస్తుంది. నేను గుండీ తెచ్చి మిషను బల్ల అంచున పెడతాను. సాయంత్రం బల్ల తుడుస్తుంది, గుండీల చుట్టూ తుడుస్తుంది. ఒక్కటి కూడా కదలదు. తుడిచిన బల్ల మెరుస్తూ ఉంటుంది, దాని మీద నా గుండీలు వరసగా కూర్చుని ఉంటాయి, పిలవని పేరంటానికి వచ్చినట్టు.

ఆయనకు చెప్పాను. అన్నం కలుపుకుంటూ, "ఉండనీలే, సిన్న పిల్ల," అన్నాడు. ఈయన ఏదానికైనా ఉండనీలే అంటాడు. ఇంటి కప్పు ఎగిరిపోయినా ఉండనీలే అంటాడు.

ఏప్రిల్ 9

ఈ రోజు కూడా ముట్టలేదు. నాకేం.

ఏప్రిల్ 12

మధ్యాహ్నం మిషను దగ్గరే తల వాల్చి నిద్రపోయాను. బయట వేపపూత రాలుతోంది, గాలికి కొంత గదిలోకి కూడా వచ్చింది. కలలో నేను పెద్ద చొక్కా కుడుతున్నాను, కొండంత పెద్దది. ఆ చొక్కా ఏడు కొండల మీద ఆరేసి ఉంది. నేను గుండీలు కుట్టుకుంటూ మెట్లెక్కుతున్నాను. పైన ఎక్కడో జాహ్నవి కూర్చుని కాజాలు తీస్తోంది. నేను కుట్టిన చోటికి, ఆ పిల్ల తీసిన చోటికి ఎక్కడా కుదరడం లేదు. కానీ కోపం లేదు ఇద్దరికీ. మబ్బు చల్లగా కాళ్ళకు తగులుతోంది. చాలా హాయిగా ఉంది.

లేచేసరికి ఎవరో కిటికీ తలుపు దగ్గరకు వేశారు, ఎండ నా ముఖాన పడకుండా. అత్త అనుకున్నాను. అత్త మోకాళ్ళతో మంచం దిగి ఇంత దూరం రాలేదు. చిన్నబ్బ అయితే వెంటనే గుండీ అడిగేవాడు.

గాలికి పడి ఉంటుంది తలుపు.

ఏప్రిల్ 15

అత్త ఈ రోజు గంగజాతర సంగతి చెప్పింది. నేను నగరి దాన్ని, వినడమే కానీ చూడలేదు. చిన్నబ్బ అత్త ఒళ్ళో తల పెట్టుకుని వింటున్నాడు. జాహ్నవి గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది.

"ఆడపిల్లోళ్ళను ఏడిపించే పాళెగాడు, గంగమ్మ సంపుతాదని యాడనో దాక్కునేసినాడు," అంది అత్త. "వాణ్ణి బయటికి తెప్పించల్ల గదా. అందుకని గంగమ్మ రోజుకొక వేషం ఏసింది. ఒక దినం బైరాగి, ఒక దినం బండ, ఒక దినం తోటి, ఒక దినం దొర. వాడు బయటికొచ్చే దాకా ఊరంతా తిరిగింది."

ఇప్పటికీ ఊళ్ళో మొక్కుకున్నవాళ్ళు, పిల్లలు ఆ రోజుకు ఆ వేషం వేసి గుడికి పోతారట. మా వీధి చివరే గుడి. బండ వేషం రోజు ఒంటి నిండా కుంకుమ పూసుకుని, కాటుక బొట్లు పెట్టుకుని, ఎదురొచ్చినవాళ్ళను తిడతారట.

"ఎవర్నైనా తిట్టొచ్చునా అవ్వా?" అన్నాడు చిన్నబ్బ, లేచి కూర్చుని.

"ఎవర్నైనా. అయ్యోరినైనా, నాయననైనా. ఆ ఏషంలో తిట్టేది మనిషి కాదు, అమ్మవారు. పడాల్సిందే. మూతి ముడుచుకోకూడదు, ఎదురు మాట్లాడకూడదు."

"ఆడపిల్లోళ్ళు ఏస్తారా?" గుమ్మం దగ్గర నుంచి వచ్చింది ఆ మాట.

"ఇప్పుడు అందురూ ఏస్తా ఉండారు మే."

జాహ్నవి చేతిలో చింతపండు అట్లే ఉండిపోయింది. కొంతసేపటికి మళ్ళీ గింజలు రాలిన చప్పుడు.

ఏప్రిల్ 16

పొద్దున ఇడ్లీ పాత్ర దించుతుంటే చిన్నబ్బ వచ్చి నిలబడ్డాడు, చేతులు వెనక్కు పెట్టుకుని. వాడి వెనక గోడ మలుపులో పావడా అంచు కనిపిస్తోంది.

"గుండీలమ్మా, బండ వేషానికి ఎన్ని గుండీలు?"

"ఎవరికి రా, నీకా?"

వాడు వెనక్కి తిరిగి చూశాడు. "నాకు కాదు. ఒకరికి."

"సీసా మెడ దాకా," అన్నాను. నా గొంతు మామూలుగానే ఉంది, అందుకు నన్ను నేనే మెచ్చుకోవాలి.

మధ్యాహ్నం చూస్తే బల్ల అంచున ఒక్క గుండీ లేదు. అన్నీ సీసాలోకి పోయాయి. సీసా అడుగున రంగురంగులుగా, ఇంత ఎత్తున. ఆ పిల్ల నన్ను తిట్టాలని ఆశపడి సీసా ముట్టుకుంది. అయినా ముట్టుకుంది కదా. సాయంత్రం వరకు ఊరికే నవ్వుకుంటూ రవికె చేతులు రెండూ ఒకే వైపుకు కుట్టేశాను. విప్పాల్సి వచ్చింది.

ఏప్రిల్ 19

కొత్త నియమం పెట్టాను. ఒక్కరే చేస్తే ఒకటి, ఇద్దరు కలిసి చేస్తే రెండు.

ఇది పని తొందరగా కావడానికే. ఇంకెందుకూ కాదు.

ఏప్రిల్ 22

మిద్దె మీద ఉతికిన చీరలు మడతపెట్టాము, నేనూ జాహ్నవీ. చీర మడతకు ఇద్దరు కావాలి, ఒక్కరే చేస్తే మూలలు కలవవు. ఆ పిల్ల అటు రెండు చెంగులు, నేను ఇటు రెండు. గాలికి చీర మధ్యలో ఉబ్బుతోంది, అవతల ఆ పిల్ల ముఖం కనిపించి పోతోంది. ఒక్కసారి విదిలించి, నడిచి దగ్గరికి వచ్చి, తన చెంగులు నా చేతికిచ్చి, కిందికి వంగి మడత అందుకుని మళ్ళీ వెనక్కి పోతుంది. దగ్గరికి వచ్చిన ప్రతిసారీ వేళ్ళు తగులుతాయి. ఆ పిల్ల చేతులు తడిగా, చల్లగా ఉన్నాయి.

కొండ మీద మబ్బు దిగింది. ఘాట్ రోడ్డు మీద జీపులు మలుపు తిరుగుతుంటే అద్దాలు మెరుస్తున్నాయి. అందులో ఏదో ఒకటి ఆయనది. ఎక్కడో రైలు కూసింది. చీరలు అయిపోయాక ఇద్దరం ఇంకా ఏమైనా ఉన్నాయా అని తీగ వైపు చూశాము. ఆరని తువ్వాలు ఒకటి ఉంటే దాన్ని కూడా మడతపెట్టాము.

"తువ్వాలు కూడా రెండేనా, అడుగు చిన్నబ్బా," అంది. చిన్నబ్బ కింద ఉన్నాడు, మిద్దె మీద లేనే లేడు.

"రెండే," అన్నాను.

నాకు ఈ పిల్ల కావాలి. రాసేశాను, ఇంక కొట్టివేయను. ముప్పైనాలుగేళ్ళు వచ్చేదాకా ఊరివాళ్ళ పిల్లలకు గౌన్లు కుట్టాను, ఎవరి పిల్లా కావాలనిపించలేదు. ఈ పిల్ల కావాలి.

ఏప్రిల్ 24

బడికి సెలవులిచ్చారు. ముగ్గురం కలిసి శెనక్కాయలు ఒలిచాము. చిన్నబ్బ ఒలిచినవి ఒలిచినట్టే తినేశాడు, దానికి గుండీ అడిగాడు.

ఏప్రిల్ 27, ఆదివారం

ఈ రోజు రాయాలని లేదు.

రాస్తాను. మధ్యాహ్నం వంటింట్లో సంగటి కెలుకుతున్నాను. పక్క గదిలో అత్త కాళ్ళకు జాహ్నవి నూనె రాస్తోంది. అత్త చాటింపు గురించి చెబుతోంది. జాతర మొదలని చాటింపు వేశాక ఊరివాళ్ళు జాతర అయ్యే దాకా ఊరు దాటకూడదట. పరాయి ఊరివాళ్ళు ఆ రాత్రికి ఊళ్ళో నిలవకూడదట. "ఇప్పుడెవురు పాటిస్తారులే, రైళ్ళల్లో ఇంతమంది దిగతా ఉంటే. మన ఇంట్లో మాత్రం పాటిస్తాం."

అప్పుడు జాహ్నవి అడిగింది. "అవ్వా, ఆయమ్మ మన ఊరామేనా? పరాయి ఊరామేనా?"

తెడ్డు ఆగిపోయింది నా చేతిలో.

"అదేంది మే. పెండ్లయినాక మన ఊరే గదా."

"నగరి గదా ఆయమ్మది. నగరికి పోవాల్నేమో గదా, చాటింపుకు ముందు."

అత్త ఏమందో నాకు వినిపించలేదు. సంగటి అడుగంటుకుంది. ఆ పిల్ల ఎంత నెమ్మదిగా అడిగిందో. పోవాలేమో కదా. చీర చెంగు చేతికిచ్చినంత మెత్తగా అడిగింది.

పిల్లల మీద కోపం తెచ్చుకునే మనిషిని కాను. తెచ్చుకోలేదు. ఏడ్చాను, అంతే. ఉల్లిపాయలు తరగడానికి పెట్టుకున్నాను, ఎందుకైనా మంచిదని.

ఏప్రిల్ 28

నీలం బ్యాగులో నాలుగు చీరలు, రవికెలు, కత్తెర పెట్టాను. మంచం కిందికి తోశాను. నగరిలో తమ్ముడు ఎప్పటి నుంచో అంటున్నాడు, అంగట్లో మిషను ఖాళీగా ఉంది, కొన్నాళ్ళు వచ్చి కుట్టిపోక్కా అని. చాటింపుకు ముందు పోతాను. కొన్నాళ్ళ తరువాత రావచ్చు, రాకపోవచ్చు. ఆయన ఉండనీలే అంటాడు.

ఇది కోపంతో కాదు. నిజానికి నా మనసు చాలా ప్రశాంతంగా ఉంది.

ఏప్రిల్ 30

జాహ్నవి ఒక్క క్షణం కూర్చోవడం లేదు. కడిగిన అటకలే కడుగుతోంది. పప్పు డబ్బాలన్నీ దించి తుడిచింది. సీసా రోజురోజుకూ పైకి వస్తోంది. నేను ఉండగానే తిట్టాలని తొందర కాబోలు.

ఇల్లంతా ఊడుస్తోంది, నా మంచం కింద మాత్రం ఊడవడం లేదు. పొరక అక్కడి దాకా వచ్చి ఆగి వెనక్కి పోతుంది. ఊడ్చిన చోటికీ ఊడవని చోటికీ మధ్య దుమ్ము గీత గీసినట్టు కనబడుతోంది. నా మంచం కదా. సరే.

మే 2

సరిగా తినడం లేదు ఆ పిల్ల. ఎండలకు.

మంచం కింద ఈ రోజు కూడా ఊడవలేదు.

మే 4, ఆదివారం

సీసా నిండింది. తెచ్చి నా మిషను మీద పెట్టింది. మూత పట్టడం లేదు, పైన ఒక ఇత్తడి గుండీ ఒరిగి ఉంది. చిన్నబ్బ పక్కన నిలబడి, "బండ వేషం," అన్నాడు, కోర్టులో వకీలు మాదిరి.

బండ వేషం గురువారం. చాటింపు మంగళవారం. నేను మంగళవారంలోపు పోవాలనుకున్నాను. దగ్గరుండి వేషం వేయించేవాళ్ళు లేకపోతే ఆ పిల్ల ఎట్లా పోతుంది? అత్తకు చేతకాదు. ఆయన జీపు దిగడు. గుండీలకు మాట ఇచ్చాను, మాట తప్పితే చిన్నబ్బ కూడా రేపటి నుంచి దిండు ఎత్తడు. చాటింపు తరువాత ఊరు దాటకూడదంటారు కాబట్టి జాతర అయ్యాకే పోవాలి. గుండీల కోసమే ఉంటున్నాను. ఇంకెందుకూ కాదు.

ఎర్రగుడ్డతో పావడా, చేతుల్లేని రవికె కుడతానని కొలతలు తీసుకున్నాను. టేపు భుజం మీద పెట్టగానే ఊపిరి బిగబట్టింది. మెడ వెనక చెమటకు అంటుకున్న వెంట్రుకలు పక్కకు తీశాను. కదల్లేదు. పుస్తకం ముందు వైపు, నగరి ఆడవాళ్ళ తరువాత, జాహ్నవి అని రాసి కింద కొలతలు రాశాను. ఎంత చిన్న భుజాలో. ఇంటి పనంతా ఈ భుజాల మీదనా నడిచింది మూడేళ్ళు.

మే 6, మంగళవారం

ఈ రాత్రికి చాటింపు. సాయంత్రం నగరి బస్సులు పోయే వేళంతా పావడా అంచు కుడుతూ కూర్చున్నాను. జాహ్నవి ఎదురుగా గడప మీద కూర్చుని ఉంది, ఏ పనీ చేయకుండా. ఆ పిల్ల ఊరికే కూర్చోవడం నేను చూడడం ఇదే మొదటిసారి. చీకటి పడే దాకా లేవలేదు. గడపకు అడ్డంగా కూర్చుంది, చిన్నబ్బ కూడా దాటుకుని పోవాల్సి వచ్చింది.

ఆయన వచ్చి దీపం వేస్తే కానీ చీకట్లో కుడుతున్నానని నాకే తెలియలేదు.

మే 7

ఈ రోజు బైరాగి వేషాలు. వీధంతా తెల్ల సుద్ద పూసుకున్న పిల్లలు. చిన్నబ్బ సీసా నిండకపోయినా ఏడ్చి వేషం వేయించుకున్నాడు. తెల్లగా, చిన్నగా, పులుసన్నం తింటున్న బైరాగి. వాడి పేరున అప్పు రాశాను, పన్నెండు రోజుల దిండ్లు.

మే 8, గురువారం

మొత్తం రాయాలి. రేపటికి ఇది కలలాగా జారిపోతుందని భయం.

పొద్దున్నే తల స్నానం చేయించాను. కొబ్బరినూనెలో కుంకుమ కలిపి ముఖానికి, చేతులకు, కాళ్ళకు పూశాను. నా చేతులు మణికట్టు దాకా ఎర్రబడ్డాయి. కాటుకతో బుగ్గల మీద, నుదుటి మీద, గడ్డం మీద బొట్లు పెట్టాను. కళ్ళు మూసుకుని ముఖం నాకు ఇచ్చేసి నిలబడింది. మెడలో బంతిపూల దండ వేసి చేతికి వేపకొమ్మ ఇచ్చాను. కళ్ళు తెరిచింది. నా ఎదురుగా ఉన్నది జాహ్నవి కాదు. నిజంగా ఒక అడుగు వెనక్కి వేశాను.

వీధిలో పొగలాగా కుంకుమ లేస్తోంది. డప్పులు. ఎక్కడ చూసినా ఎర్రటి మనుషులు తిట్టుకుంటూ పోతున్నారు, తిట్లు పడినవాళ్ళు నవ్వి దండం పెడుతున్నారు. ఎండ కూడా ఎర్రగా ఉన్నట్టు తోచింది. గుడికి పోయి వచ్చే దాకా జాహ్నవి ఎవరినీ ఏమీ అనలేదు. మా ఇంటి ముందుకు వచ్చాక ఆగింది.

మొదట వాళ్ళ నాయన. ఈ రోజు జీపు తీయలేదు, మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. "ఒరే ధనశేఖరా," అంది. వీధిలో వాళ్ళు ఆగి చూశారు. "కొండ మీదికి పోయేటోళ్ళందరితో గోవిందా గోవిందా అని అరస్తావు. ఇంటికొస్తే నోట్లో మన్ను పోసుకుంటావా? ఉండనీలే, ఉండనీలే. ఏం ఉండినాది నీ మొగానికి?"

ఆయన తల వంచి దండం పెట్టాడు. చెవులు ఎర్రబడ్డాయి.

తరువాత నా వైపు తిరిగింది.

"ఒసే నగరిదానా."

అంత గట్టిగా ఆ పిల్ల గొంతు నేనెప్పుడూ వినలేదు.

"పప్పులో ఉప్పెయ్యవు. మిషను తొక్కేటప్పుడు పిలిస్తే పలకవు, యాడికో పోతావు. మూతి మీద ఎండ పడతా ఉంటే కిటికీ కూడా ఏసుకోవు. చిన్నబ్బ గలాసులో మన్ను పోసుకోనొస్తే నవ్వతా గుండీ ఇస్తావు, నాకు మాత్రం భయపడతా ఇస్తావు. నేనేమన్నా పులినా నిన్ను తినేదానికి?"

జనం నవ్వారు. నేను కూడా నవ్వబోయాను. ఆ పిల్ల నవ్వడం లేదు.

"మంచం కింద బ్యాగు పెట్టుకోనుండావు. సూడలేదనుకున్నావా? మా అమ్మ కూడా ఇట్లనే బ్యాగు సర్ది మంచం కింద పెట్టుకునింది. ఆస్పత్రికి పొయ్యి ఆదివారానికి వచ్చేస్తా అనింది. రాల్యా. బ్యాగొకటే వచ్చింది. నువ్వు ఎప్పుడొస్తావో కూడా చెప్పకుండా సర్దుకున్నావు. చెప్పను గూడా చెప్పవా, దొంగదానా? బ్యాగు సర్దుకోని నా కొలతలు తీసుకుంటావా?"

డప్పులు దూరంగా పోయాయి, లేదంటే నాకు వినిపించడం మానేశాయి.

"అవ్వను అడిగినా నేను. నిన్ను పంపించేస్తారేమో, చాటింపుకు ముందు పోవాల్నేమో అని అడిగినా. పన్లేదు, మన ఊరే అనింది అవ్వ. మన ఊరైతే బ్యాగెందుకే నీకు? చెప్పు. ఎందుకే?"

బుగ్గల మీద కాటుక కరిగి కుంకుమలో గీతలు పడ్డాయి. వేపకొమ్మ ఆకులన్నీ రాలిపోయేలా నేలకేసి కొడుతోంది. వెనక కిటికీలో నుంచి అత్త గొంతు వినిపించింది. "రూపా, ఎదురు మాట్లాడద్దు. పడాల. అమ్మవారు తిడతా ఉండాది."

పడ్డాను. రెండు చేతులూ జోడించి, ఏడుస్తూ నిలబడి, ఒక్కొక్క మాటా పడ్డాను. ఇంత ప్రేమగా నన్ను ఎవరూ తిట్టలేదు. నేను ఎంత తెలివితక్కువదాన్నో, వంటింట్లో తెడ్డు పట్టుకుని ఏం విని ఏం అనుకున్నానో. వారం రోజులు ఆ పిల్ల నా మంచం దాకా పొరకతో వచ్చి ఆగింది. బ్యాగు ఉందో పోయిందో చూసుకుని వెనక్కి పోయేది.

తిట్లు అయిపోయాక ఏం చేయాలో ఆ పిల్లకూ తెలియలేదు, నాకూ తెలియలేదు. ఎర్రగా, ముక్కు చీదుకుంటూ నిలబడింది.

"ఉప్పు వేస్తాను," అన్నాను.

"రేపట్నుంచి," అంది. చిన్నబ్బకు కాదు, నాకే.

మధ్యాహ్నం వేపాకు నీళ్ళతో కుంకుమ కడిగాను. ఎంత కడిగినా చెవుల వెనక, గోళ్ళ చివర ఉండిపోయింది. అన్నం పెట్టుకుని తిన్నది, మళ్ళీ పెట్టుకుని తిన్నది. పడుకుంటుందేమో అనుకుంటే సీసా తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. లోపలికి రెండు వేళ్ళు పోనిచ్చి వెతికి వెతికి కొబ్బరిచిప్ప గుండీ ఒకటి తీసింది. నా మిషను బల్ల అంచున పెట్టింది.

"ఇది దేనికి?" అన్నాను.

"తిట్లు పడినందుకు."

చేతిలోకి తీసుకున్నాను. వెచ్చగా ఉంది.

"బ్యాగు విప్పితే ఎన్ని?" అని అడిగాను.

చిన్నబ్బ గుమ్మంలో నుంచి తల ఊపుతూ వేళ్ళు చూపిస్తున్నాడు, ఎక్కువ చెప్పమని. "ఒక్కరే ఇప్పితే ఒకటి," అంది. "ఇద్దరం ఇప్పితే రెండు."

ఇద్దరం విప్పాము. నీలం బ్యాగు బయటికి లాగితే దాని చుట్టూ దుమ్ము లేచి కిటికీ ఎండలో తేలింది. చీరలు బ్యాగులో నలిగిపోయాయి, మళ్ళీ మడతపెట్టాలి. తను అటు రెండు చెంగులు, నేను ఇటు రెండు. విదిలించి, దగ్గరికి వచ్చి, చేతికిచ్చి, వెనక్కి పోయి. నాలుగు చీరలు బీరువాలోకి పోయాయి, వాళ్ళమ్మ చీరల పక్క అరలోకి. కత్తెర మిషను సొరుగులోకి పోయింది. ఖాళీ బ్యాగును జాహ్నవి తనే అటక మీదికి తోసింది, స్టూలు వేసుకుని, చేయి అందినంత లోపలికి.

నా రెండు గుండీలు ఇచ్చింది. ఒకటి ముత్యం రంగుది, ఒకటి ఇత్తడిది.

ఇది రాస్తుంటే పొరక చప్పుడు వినిపిస్తోంది. జాహ్నవి పొట్ట మీద పడుకుని, చేయి చాపి, నా మంచం కింద ఊడుస్తోంది. ఎన్నాళ్ళ కసువో, రాలిన వేపపూత, దారపు ముక్కలు, చిన్నబ్బ పోగొట్టుకున్న బలపం, అన్నీ బయటికి వస్తున్నాయి. అంతా చేటలోకి ఎత్తి, నా ముందు నుంచే పోయి, వాకిట్లో పారబోసి వచ్చింది. చేతులు కడుక్కుంది. గుండీ అడగలేదు.